మార్త తోడుంది

అండమాన్‌కి ఒంటరిగా వెళ్తానంటే అమ్మ ససేమిరా అంది. అందుకే ఆఫీసులో మార్త అనే అమ్మాయి కూడా వస్తోందని చెప్పాను. అసలు అలాంటి మనిషే లేదు. అప్పటికప్పుడు నోటికొచ్చిన పేరు.

ఐదింటికి విమానం. అప్పుడే రాత్రి రెండు దాటింది. హూడిలో మా అపార్ట్‌మెంట్ గేటు బయట బ్యాగుతో నిలబడ్డాను. ఇద్దరు డ్రైవర్లు క్యాన్సిల్ చేశారు. మూడో కారు గేటు దాకా వచ్చి ఆగకుండానే వెళ్లిపోయింది. ఒళ్లు మండి డ్రైవర్‌కి ఫోన్ చేశాను.

"కళ్లు కనిపించట్లేదా? ఎందుకు ఆపలేదు?"

"మీ పక్కన ఇంగో మేడం ఉండాది కదా. ఆయమ్మే పో పో అని చెయ్యూపింది."

"తాగి నడుపుతున్నావా?" అని కసిరి పెట్టేశాను. పక్కకి చూశాను. ఎవరూ లేరు. ఎక్కడో మోగుతున్న నీళ్ల ట్యాంకర్ మోటారు కూడా ఆగిపోయింది. నా ఊపిరి నాకే వినిపిస్తోంది.

ఇంకో క్యాబ్ బుక్ చేశానో లేదో అమ్మ ఫోన్. మళ్లీ అదే గోల అనుకున్నాను. కానీ అమ్మ గొంతు కులాసాగా ఉంది.

"చిన్నీ, ఇప్పుడే మార్తతో మాట్లాడానే. క్యాబులు దొరక్క తెగ చిరాకుపడుతున్నావంటగా?"

"ఏ నంబరు నుంచి చేసిందమ్మా?"

"నీ ఫోన్ నుంచేగా! ఎంత మంచి పిల్లే. నాకిక బెంగ లేదు. నిన్ను ఒక్కదాన్నీ ఎక్కడికీ పోనివ్వనని మాటిచ్చింది."

మలుపులో నాలుగో క్యాబ్ లైట్లు కనిపించాయి. రెండు చేతులూ ఎత్తి ఊపాను.

దగ్గరకొచ్చి నెమ్మదించింది. నా పక్కకి చూసి, డ్రైవర్ సరేనన్నట్టు తలూపి వెళ్లిపోయాడు.