నల్లమట్టి ముద్ద

“నా సున్నం డబ్బా ఎవరు నాకిండ్రు?”

వెంకటవ్వ ఖాళీ డబ్బాను కోడలి ముందు బోర్లించింది. ఆకుకు సున్నం రాయడానికి ఆమెకు నడిమి వేలే దిక్కు. కుడిచేతి చూపుడువేలును సచిన్ అనే ఊళ్లో మరమగ్గం ఎప్పుడో మింగేసింది.

“నాకేమెరుక అత్తమ్మా? నేను ఆకు తింటనా?” అంది ఐలమ్మ.

“నువ్వు తినవు. నీ బిడ్డ మట్టికి తినిపిస్తది.”

డబ్బా తాను ముట్టలేదనీ, కిందటి దీపావళికి గోడలకు వేయగా మూలన మిగిలిన సున్నమే నిన్న మట్టిలో కలిపాననీ హారతి చెప్పింది.

“ఆర్నెల్ల సంది గాలి తాకిన సున్నమా? అది సచ్చింది. ఉత్త పిండి.” మూతి తిప్పింది ముసలమ్మ. పెళ్లికి ముందు సున్నపు బట్టీలో పనిచేసిన మనిషి. అయినా ఆ మాట ఎవరూ చెవిన పెట్టలేదు. తర్వాత కూడా డబ్బా గురించి ఆమె రోజంతా సణుగుతూనే ఉంది.

లాక్‌డౌన్ పడి నెల దాటింది. వాళ్లు బతకొచ్చిన జోల్వాలో మగ్గాల చప్పుడు లేదు, దుకాణాలు తెరవడం లేదు. ఐలమ్మ భర్త రాజలింగం పదేళ్ల కష్టంతో కొన్న జాగా ఊరి చివర ఉంది. అంతా నల్లమట్టి. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. పక్కవాళ్ల గోడ రెండో వానాకాలానికే నిలువునా చీలింది. జాగా అమ్మేసి సొంతూరికి పోదామంటాడు రాజలింగం. తన పానం ఊర్లోనే పోవాలని వెంకటవ్వ అతనికి వంత పాడుతుంది. పోతే, ఇక్కడ పాలిటెక్నిక్‌లో సివిల్ చదువుతున్న హారతి చదువు ఆగినట్టే.

సున్నం కలిపితే ఆ మట్టి గుణమే మారుతుందని హారతి పట్టుబట్టింది. చివరికి రాజలింగం ఒక మాట ఇచ్చాడు. సున్నం కలిపిన ముద్ద నీళ్లలో ఒక పూట నిలిస్తే ఇక్కడే ఇల్లు. కరిగితే ప్రయాణం.

డబ్బా గొడవకు ముందురోజే హారతి లడ్డూల్లా నున్నగా రెండు ముద్దలు చుట్టింది. ఒకటి ఉత్త మట్టిది, రెండోది సున్నంది. కవర్లలో చుట్టి, పేర్లు రాసి, బియ్యం డబ్బా వెనక పెట్టింది.

ఎనిమిదో రోజు పొద్దున్నే రెండు గాజు గిన్నెల్లో నీళ్లు పోసి ముద్దలను దించింది. ఉత్త మట్టిది బుడగలు వదిలి, పగిలి, పావుగంటలో బురదై కూర్చుంది. రెండోది కదల్లేదు. దాని చుట్టూ నీళ్లు తేటగానే ఉన్నాయి. ఐలమ్మ పొయ్యి మీది పప్పు మరిచిపోయింది. పన్నెండేళ్లుగా చెప్పులు ఊడబెరికిన మట్టి అది. పొద్దు ఎక్కుతున్నకొద్దీ, గుడిలో దేవుణ్ని చూసినట్టు ఆమె చేతులు వాటంతట అవే దగ్గరికి చేరాయి. రాజలింగం గోరుతో గీకి చూశాడు. గీత పడలేదు.

మధ్యాహ్నం అన్నం కలుపుతూ అతను నెమ్మదిగా అన్నాడు. “జాగా అమ్మం. ఈడనే కడుతున్నం. ముందు ఆ మట్టికి సున్నం పెడదాం.”

హారతి ముద్ద నోట్లో పెట్టుకోలేక ఏడ్చేసింది.

“ముందు నా ఆకుకు తేండ్రి. వారం సంది నోరు సప్పగున్నది,” అని గొణిగింది వెంకటవ్వ.

ఐలమ్మ గాజు గిన్నెలోంచి సున్నం ముద్దను తీసింది. గట్టిగా పిసికినట్టు దాని మీద వేళ్ల గుంతలు రాతిలా బిగిసి ఉన్నాయి. తన వేళ్లను ఒక్కొక్కటిగా వాటిలో ఆనించి చూసింది.

చూపుడువేలి కింద గుంత లేదు.