వెదురు పొదలో చోటు

చెరువు గట్టున పక్షుల విద్యాలయం ఒకటి ఉండేది. దూరదూరాల నుంచి వచ్చిన పక్షులు అక్కడే ఉండి చదువుకునేవి.

ఆ ఏడాది సింగారి అనే గోరువంక కొత్తగా చేరింది. అందరూ వెదురు పొదలో బస చేస్తుంటే, సింగారి మాత్రం దూరంగా ఉన్న తాటిచెట్టు తొర్రను ఎంచుకుంది. "ఇక్కడైతే ఏ గోలా లేకుండా చదువుకోవచ్చు" అనుకుంది.

పాఠాలు బాగానే వచ్చాయి. కానీ నేర్చుకున్న పాట పాడితే వినేవాళ్లే లేరు. తిండి కూడా సయించడం మానేసింది.

ఒక ఉదయం బుజ్జులు అనే బాతు రొప్పుతూ వచ్చింది. "సింగారీ, ఇవాళ ఈత పందెం! అందరం ఒక్క తీరున ఈదేలా మా జట్టుకు కేక అందించే కొంగకు గొంతు పోయింది. నువ్వు రావూ?"

"నాకు ఈత రాదు. పైగా మీవాళ్లెవరో నాకు తెలియదు."

"నా వీపెక్కి కూర్చో చాలు. తెలియడం ఎంతసేపు?"

సింగారి బెరుకుగానే ఎక్కింది. పందెం మొదలైనా బుజ్జులు ఈకలు గట్టిగా పట్టుకునే కూర్చుంది. బాతులు తలో దిక్కుకు పోతుంటే ఇక ఉండబట్టలేక "హైలెస్సా!" అని అరిచింది.

"హైలెస్సా!" అంటూ బాతులన్నీ ఒక్క తీరున కాళ్లాడించాయి.

వాళ్లు రెండో స్థానంలో వచ్చారు. అయినా గెలిచినవాళ్ల కంటే వీళ్ల సంబరమే ఎక్కువ.

సాయంత్రం సింగారి వెదురు పొద దగ్గర తటపటాయిస్తూ నిలబడింది. "ఇక్కడ నాకు చోటుందా?"

"అస్సలు లేదు" అంది కొమ్మ మీది పిచుక. వెంటనే వెనక్కి తిరిగి కేకేసింది. "అందరూ కాస్త జరగండర్రా, సింగారి వచ్చింది!"