ప్రేమగా కొన్న సంచి

"లెన్సు నిండా బూజేనమ్మా. అద్దాన్ని తినేసింది, ఇక బాగుపడదు," అన్నాడు కెమెరా మెకానిక్.

ఆమె లెన్సును వెలుతురుకు ఎత్తి చూసింది. రేపే పత్రికలో ఫోటోగ్రాఫర్‌గా తొలిరోజు.

"వానాకాలమంతా బీరువాలో భద్రంగా దాచానండీ! మా ఆయన ప్రేమగా కొనిచ్చిన తోలు సంచిలో పెట్టి మరీ!"

"తోలు సంచిలోనా? అది తేమంతా పీల్చి లెన్సుకు పట్టిస్తుంది కదమ్మా! వానలకు ముందు మీ ఆయనొచ్చి జాగ్రత్తలడిగితే, తోలు సంచిలో మాత్రం పెట్టొద్దని నేనే చెప్పానే! ఎప్పుడు కొన్నాడు?"

"మీ దగ్గరికొచ్చిన సాయంత్రమే..."

బయట స్కూటర్ హారన్ మోగింది. ఆమె గుమ్మం దాటింది.

"లెన్సు పోయిందిగా? రేపట్నుంచి నువ్వు రావని పత్రికాఫీసుకి చెప్పేశాన్లే. ఎక్కు బంగారం!"