వంకలేని లేతు

"ఇది ఆకురాయితో అయ్యే పని కాదండి, అయ్యగారూ. ఇనుము తిప్పి చెక్కే లేతు మిషను ఉండాలి" అన్నాడు జ్ఞానయ్య, జగన్నాథరావు తెచ్చిన తుపాకీ తిప్పి చూస్తూ.

నిజానికది ఆకురాయితో పూట పని. తూటాను వెనక నుంచి కొట్టే పిన్ను విరిగింది, అంతే. జగ్గయ్యపేటలో లైసెన్సున్న తుపాకుల మేస్త్రీ జ్ఞానయ్య ఒక్కడే. అలాంటి పిన్నులు ఎన్ని చేశాడో అతనికే గుర్తులేదు.

కానీ ముందురోజే చందర్లపాడు నుంచి జగన్నాథరావు గారి భార్య భారతీదేవి పనిగట్టుకొని వచ్చి వెళ్ళింది.

"ఆయనకి చూపు ఆనటం లేదు జ్ఞానయ్యా. చెబితే ఒప్పుకోరు. పోయిన పంటకి జొన్నచేలో అడవిపందనుకొని తిరుపతిరావు గారి దున్న మీద పేల్చారు. దాని అదృష్టం, తగల్లేదు. అదే మనిషయితే? ఇప్పుడు తుపాకీలో ఏదో విరిగింది. పందుల బాధ పడలేక పాలేళ్ళు బాగుచేయించమని ఆయన వెంటపడుతున్నారు. అది బాగుపడకూడదు. నేను చెప్పానని తెలియకూడదు."

జ్ఞానయ్య ఇరుకున పడ్డాడు. అతని చేతికి వచ్చిన తుపాకీ బాగుపడకుండా గడప దాటిన రోజు లేదు. ఆ పేరే అతని ఆస్తి. అయినా దున్న కళ్ళముందు మెదలటంతో తలూపాడు. అందుకే ఈ లేతు సాకు. లేతు కొనటం ఎలాగూ తన తరం కాదు. తుపాకీ గోడకి ఆనుకొని హాయిగా నిద్రపోతుందనుకున్నాడు.

జగన్నాథరావు గడ్డం గోక్కున్నాడు.

"అంతేనా? అయితే లేతు నేనే కొనిస్తా. తొందరేం లేదులే. మంచిది దొరికేదాకా తిరుగుదాం."

ఇక చూసిన ప్రతి లేతుకీ వంక పెట్టటం తప్ప జ్ఞానయ్యకి దారి లేకపోయింది.

మొదట పేటలోనే ఓ నూనెమిల్లు వాళ్ళు అమ్మజూపిన లేతు చూశారు. జ్ఞానయ్య పెళ్ళిచూపులకొచ్చిన మేనత్తలా దాని చుట్టూ తిరిగాడు.

"కింద బెడ్డు పట్టా మధ్యలో అరిగిపోయిందండి. దీనిమీద తిప్పితే పిన్ను వంకర పోద్ది."

"అయితే వద్దు. పద" అన్నాడు జగన్నాథరావు, ఎదురుమాట లేకుండా.

తర్వాత నందిగామ. అక్కడిది కొత్త లేతు, తళతళలాడుతోంది. జ్ఞానయ్య చాలాసేపు వెతికాడు.

"బెజ్జం సన్నమండి. తుపాకీ గొట్టం దూరదు."

"పిన్ను చెయ్యటానికి గొట్టంతో ఏం పనయ్యా?" అన్నాడు అమ్మేవాడు.

జగన్నాథరావే అడ్డం పడ్డాడు. "మేస్త్రీ వద్దంటే వద్దంతే!" అని కసిరి బస్సెక్కాడు.

అంత పెద్దమనిషి తనని అంతగా నమ్ముతుంటే, తను చేస్తున్నది ఇదీ. ఆ ఆదివారం చర్చిలో జ్ఞానయ్య తలెత్తి పాట పాడలేకపోయాడు. పైగా ఊళ్ళో వేళాకోళం ఒకటి. "ఎన్ని వంకలున్న పిల్లకైనా సంబంధం కుదురుద్దిగానీ, జ్ఞానయ్యకి లేతు కుదరదురా!"

మూడోది కీసరలో. రత్తయ్య అనే మేస్త్రీ వ్యవసాయంలోకి దిగుదామని పంపుసెట్ల షెడ్డు ఎత్తేస్తున్నాడు. అతని దగ్గరుంది ఇంగ్లండు నుంచి వచ్చిన ఓ పాత సీమ లేతు. జ్ఞానయ్య బెడ్డు మీద చెయ్యి వేశాడు. అద్దంలా ఉంది. బెజ్జంలో గొట్టం హాయిగా పడుతుంది. రత్తయ్య మోటారు వేసి చూపించాడు. ఉక్కు కడ్డీ మీంచి పొట్టు రిబ్బనులా సాగి వచ్చింది.

జ్ఞానయ్య ఇన్నాళ్ళూ కలలో చూసిన మిషను అదే. వంక కోసం వెతికాడు. భారతీదేవిని తలుచుకున్నాడు. దున్నను తలుచుకున్నాడు. నోరు మాత్రం మాట వినలేదు.

"దీనికి వంక పెడితే కళ్ళు పోతాయండి!" అనేశాడు. అనేసి నాలిక కరుచుకున్నాడు.

జగన్నాథరావు ముఖం వాడిపోయింది. ఆయనే లేతు చుట్టూ తిరిగాడు.

"రంగు బాగాలేదోయ్."

"రంగెక్కడుందండి? ఎప్పుడో ఊడిపోయింది."

"చప్పుడెక్కువ."

"పిల్లి నడిచినట్టుందండి."

"సరిగ్గా చూడవయ్యా! ఎక్కడో ఓ లోపం ఉండే ఉంటది."

జ్ఞానయ్యకు ఏమీ అంతుపట్టలేదు. ఇంతలో రత్తయ్య సోడాలు తేవటానికి బయటికి వెళ్ళాడు. జగన్నాథరావు అటూ ఇటూ చూసి, జ్ఞానయ్య కండువా పట్టుకొని మూలకి లాగాడు. గొంతు బాగా తగ్గించాడు.

"లేతు నువ్వే తీసుకెళ్ళి సుఖంగా వాడుకో, నా తుపాకీ జోలికి మాత్రం రాకు... చూపు ఆనటం లేదని మీ అమ్మగారి దగ్గర ఒప్పుకోలేక, ఆ పిన్ను నేనే విరగ్గొట్టానోయ్!"