కాళ్లు కడిగిన నీళ్లు

కాలినడకన తిరుపతికని వెళ్లిన పాపయ్య, పదో రోజున బొగ్గుతో నడిచే బస్సులో బెంగళూరు తిరిగొచ్చాడు. జ్వరంతో ఉన్న కొడుకు కోసం మొక్కు. నడిచిన కాళ్లు గడపలో కడిగి, ఆ నీళ్లే బిడ్డకు తీర్థంగా పోస్తారు.

భార్య చౌడమ్మ తాంబాళం ముందు పెట్టుకుని కూర్చుంది.

"బొబ్బలు పగిలి చీము కారతా ఉంటాది. అసయ్యపడొద్దు తల్లీ," అంది పక్కింటి ముసలమ్మ.

"నా బిడ్డ కోసం నడిచిన కాళ్లు గదవ్వా."

అరికాళ్లు రుద్దింది. బొబ్బ లేదు, పగులు లేదు. బయలుదేరిన రోజు ఎంత మెత్తగా ఉన్నాయో అంతే మెత్తగా ఉన్నాయి.

"పోయేటప్పుడూ బస్సేనా?" అని మెల్లగా అడిగింది.

"గట్టిగా అనొద్దే. జనం ఉండారు."

చౌడమ్మ లేచి నీళ్లు మోరీలో కుమ్మరించింది.

"అయ్యో, బిడ్డకు తీర్థం?" అంది ముసలమ్మ.

"చీము నీళ్లైతే తాపుదునవ్వా," అంటూ చౌడమ్మ పిడికెడు బూడిద తీసుకుని చేతులు తోముకుంది.