అందరినీ అడిగే ప్రశ్న

“ఈ ఒక్క కేసూ మేం చూసుకుంటాం. మీరు కాస్త టీ తాగి రండి,” అన్నాడు మందుల షాపు ఎమ్స్‌లీ, గొంతు తగ్గించి.

“ఎందుకట? రేపు ఊళ్లో నలుగురూ నాలుగు మాటలంటారు. నాకు అందరూ ఒకటే,” అన్నాడు చైర్మన్ హోల్డ్స్‌వర్త్, ఉన్ని మిల్లు యజమాని. “పిలవండి.”

1916 మార్చి, ఇంగ్లండ్. మనుషుల్ని చంపడానికి మనసొప్పదనీ, యుద్ధానికి రామనీ అంటున్న కుర్రాళ్లను ఊరి పెద్దలు టౌన్‌హాల్లో విచారిస్తున్నారు. వాళ్లు నమ్మితే మినహాయింపు. లేకపోతే ఖాకీ తొడగాలి. తొడగనంటే జైలు.

ఈనక్ వచ్చి నిలబడ్డాడు. ఇరవై ఏళ్లవాడు, ఎడమ కనుబొమ్మ మీద పాత గాటు.

“వీడికో గౌను కుట్టించండ్రా!” అని జనంలోంచి ఎవరో అరిచారు.

సైన్యం తరఫున ప్రశ్నలడిగే కాప్టెన్ లారిమర్ అప్పుడే రైలు దిగి వచ్చాడు. ఊరు కొత్త. కాగితాలు చూసే తీరిక కూడా దొరకలేదు. ప్రశ్న మాత్రం పాతదే, ఇలాంటివాళ్లందరినీ అడిగేదే.

“జర్మన్‌వాడొకడు ఇంట్లో దూరి మీ అమ్మ మీద చెయ్యి చేసుకుంటే ఏం చేస్తావోయ్?”

“మధ్యలో నిలబడతానండి.”

హాలంతా గొల్లున నవ్వింది.

“తిరిగి కొట్టవా?”

“కొట్టనండి. ఆ దెబ్బేదో నేనే తింటాను.”

“కబుర్లకేం, బాగానే చెబుతున్నావ్! ఎప్పుడైనా నిలబడ్డావా?”

“నిలబడ్డానండి. చాలాసార్లు.” ఈనక్ చెయ్యి కనుబొమ్మ మీదికి వెళ్లింది.

నవ్వులు ఆగిపోయాయి. ఎందుకో కాప్టెన్‌కి అర్థం కాలేదు.

ఎమ్స్‌లీ తల దించుకున్నాడు. చివరి బెంచీలో ఈనక్ తల్లి, గడ్డం దాకా గుండీలు పెట్టుకుని కూర్చుంది. కమిలిన చోట రాసే మందు కోసం ఆవిడ అతని షాపుకి వస్తూనే ఉంటుంది. మెట్ల మీద జారానంటుంది. అతను పొట్లం కట్టి ఇస్తాడు. ఎక్కడి మెట్లమ్మా అవి అని ఒక్కనాడూ అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందో అతనికి తెలుసు. ఊళ్లో అందరికీ తెలుసు. పిరికివాళ్లెవరో తేల్చే బల్ల వెనక తను కూర్చున్నందుకు అతనికి చచ్చేంత సిగ్గేసింది.

“చాలు,” అన్నాడు చైర్మన్. “మినహాయింపు లేదు. తర్వాతివాణ్ణి పిలవండి.”

“ఉండండి సార్,” కాప్టెన్ వదల్లేదు. “వీడు కోతలు కోస్తున్నాడు. ఇదిగో అబ్బాయ్, ఆడదాన్ని కొట్టే ఆ వెధవ ఎవడో పేరు చెప్పు. చెబితే నీ మినహాయింపుకి నేనే ఒప్పుకుంటాను. చెప్పలేవా, ఈ రాత్రికే బారక్స్‌కి నడుస్తావు.”

ఈనక్ వెనక్కి తిరిగి తల్లిని చూశాడు. ఆవిడ కళ్లు మూసుకుంది. తర్వాత చైర్మన్ వైపు తిరిగాడు.

“చెప్పమంటారా, నాన్నా?”