వెనక బెంచీ పెద్దాయన

"వినపడట్లేదమ్మా," అన్నాడు వెనక బెంచీ మీది పెద్దాయన, చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకుని.

బోనులో నిలబడ్డ కుట్టుపనావిడకి ఒళ్ళు మండింది. అసలే కోర్టంటే భయం, ఈ చెవిటి మనిషొకడు తన ప్రాణానికి.

ఆమెది పుట్టుకతోనే సన్నగొంతు. మొగుడు బతికున్న రోజుల్లో, "నీ మాట వినాలంటే ముందు ఆ కుట్టుమిషను ఆపాలే" అని ఆటపట్టించేవాడు. ఆయన పోయి ఏడాది తిరక్కుండానే బావగారు కోర్టుకెక్కాడు. ఇల్లు తమ తండ్రిదనీ, తమ్ముడు పోయాక ఆవిడకి అందులో ఏం పని అనీ ఆయన వాదన. ముందుగదిలో మిషను, వెనకగదిలో మంచం, ఆవిడకి ఉన్నదల్లా ఆ ఇల్లే.

కిందటి వాయిదాలో ఆవిడ చెప్పింది జడ్జిగారి దాకా వెళ్ళనేలేదు. బావగారి ప్లీడరు గొంతు మాత్రం వీధి చివరిదాకా వెళ్ళింది. ఇవాళ కూడా అలాగే జరిగితే సామాను సర్దుకోవడమేనని ఆవిడ తరఫు కుర్ర ప్లీడరు ముందే చెప్పేశాడు.

"ఆ గోడలు మేమిద్దరమే..." అని మొదలుపెట్టింది. మిగతాది గొంతులోనే ఆగిపోయింది.

"వినపడట్లేదు తల్లీ," మళ్ళీ పెద్దాయన.

బావగారి ప్లీడరు చిరాగ్గా లేచాడు. చూడ్డానికొచ్చినవాళ్ళు మధ్యలో మాట్లాడకూడదన్నాడు. అంతగా వినాలనుంటే ముందుకొచ్చి కూర్చోమన్నాడు. పెద్దాయన తన మోకాళ్ళు చూపించి, ఇక్కడిదాకా రావడమే గగనమైందన్నట్టు తలాడించాడు.

జడ్జిగారు కోప్పడతారనుకుందావిడ. కోప్పడలేదు సరికదా, కళ్ళజోడు తీసి నెమ్మదిగా తుడుచుకున్నారు.

"నాకూ సరిగ్గా వినపడలేదమ్మా. ఆ పెద్దాయనకి వినపడేలా చెప్పండి."

ఆవిడ గొంతు కాస్త పెంచింది. పెద్దాయన చెయ్యి చెవి దగ్గరే ఉంది. ఇంకాస్త పెంచింది. అయినా అక్కడే ఉంది. దాంతో ఆవిడ ఓర్పు తెగింది. భయం ఎటుపోయిందో పోయింది, దాని చోట్లో కోపం వచ్చి కూర్చుంది.

"ఆ ఇల్లు కూలిపోతుంటే మా బావగారు ఇటు తొంగి కూడా చూడలేదండీ. మా ఆయన ఇటుకలు పేరుస్తుంటే నేను మట్టి కలిపి అందించాను. ఆయన మంచాన పడితే ఆ ముందుగదిలో కూర్చుని బట్టలు కుట్టి ఇల్లు నడిపాను. ఆ ఇంట్లోనే, నా చేతుల్లోనే పోయారు. ఇప్పుడు నన్ను పొమ్మంటే ఎక్కడికి పోనండీ?"

జడ్జిగారి కలం గబగబా కదిలింది. వరండాలో నిలబడ్డవాళ్ళు కూడా గుమ్మంలోకి వచ్చి చూశారు.

ఆవిడ ఆ ఊపులోనే వెనక బెంచీ వైపు తిరిగింది.

"ఇప్పుడు వినపడిందా తాతగారూ?" అంది పుల్లవిరుపుగా.

"ఇప్పుడు వినపడిందమ్మా," అని ఆయన చెయ్యి దించుకున్నాడు.

తీర్పు ఆవిడ వైపే వచ్చింది. భర్తతో కలిసి నిలబెట్టుకున్న ఇంట్లోంచి, ఆయన పోయాక భార్యని ఎవరూ వెళ్ళగొట్టకూడదని చట్టం ఉందట. ఎవరో పల్లెటూరి ప్లీడరు పార్లమెంటుకి వెళ్ళి, తోటివాళ్ళు నవ్వినా పట్టు విడవకుండా ఆ చట్టం తెప్పించాడని, తనూ పుస్తకంలో చదివిందేనని కుర్ర ప్లీడరు చెప్పాడు. ఆ మహానుభావుడు ఎక్కడున్నా చల్లగా ఉండాలని ఆవిడ చేతులు జోడించింది.

కానీ చట్టం కిందటి వాయిదాలో మాత్రం లేదా? తన నోరు పెగలకపోతే అది పుస్తకంలోనే పడుండేది. పెగిలిందంటే ఆ చెవిటి పెద్దాయన చలవే. ఆయనతో ఒక్క మంచి మాట చెప్పలేదు సరికదా, విసుక్కుంది కూడా. గుర్తొస్తే ఆవిడకి సిగ్గేసింది.

వెనక బెంచీ చూస్తే ఖాళీ.

ఊరికే వెళ్ళి దండం పెట్టి రావడం ఆవిడకి నచ్చలేదు. చెవిలో పెట్టుకునే మిషను ఒకటి కొంది. అది పెట్టుకోవడానికి మెత్తటి గుడ్డతో చిన్న సంచీ కుట్టింది. కోర్టు బంట్రోతుని అడిగితే ఇంటి దారి చెప్పి, "అమ్మగారుంటారు, వెళ్ళండి" అన్నాడు.

తలుపు తీసిన పెద్దావిడ ఆమె చెప్పిందంతా విని, లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది.

"ఆయన కిందటివారమే వెళ్ళిపోయారమ్మా."

కుట్టుపనావిడ తలెత్తి చూసింది. ఎదురుగా గోడ మీద ఫొటోలో, పెద్ద సభలో చివరి వరసలో, నల్లకోటు వేసుకుని నిలబడి ఉన్నారాయన.

పెద్దావిడే నెమ్మదిగా చెప్పుకొచ్చింది. సంచిలో కోటు మడిచి పెట్టుకుని బస్సుల్లో ఊరూరా తిరిగిన ప్లీడరట. ఆయన కేసులు వాదించి పెట్టినవాళ్ళే పట్టుబట్టి పార్లమెంటుకి పంపారట. ఆడవాళ్ళ ఇంటి చట్టం నెగ్గిన రోజున అక్కడి నుంచి ఫోన్ చేసి, మాట్లాడలేక ఏడ్చారట. పదవి అయ్యాక ఇంట్లో కాళ్ళు నిలవక, రోజూ ఆ కోర్టుకే వెళ్ళి కూర్చునేవారట.

"నీ సాక్ష్యం రోజున ఇంటికొచ్చి రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. కుట్టుపని చేసే అమ్మాయి భలే చెప్పిందని ఒకటే సంబరం."

ఆవిడ కళ్ళు తుడుచుకుని, చిన్న సంచీ పెద్దావిడ చేతిలో పెట్టింది. ఆయన చెవుల కోసం తెచ్చానని, ఆలస్యమైపోయిందని చెప్పింది.

పెద్దావిడ సంచీ విప్పి చూసింది. ఏడుస్తూనే నవ్వేసింది.

"ఆయనకి చెవుడేంటి తల్లీ, నేను వంటింట్లో గొణుక్కున్నదానికి వీధి గుమ్మంలోంచి జవాబు చెప్పేవారు, గొంతు పెగలని మనిషి బోనెక్కితే మాత్రం, నల్లకోటు వేసిన నాటి నుంచీ ఆయనకి వినపడేది కాదు."